గుల్ల కట్టే మేస్త్రి

మా ఇంటి ఉత్తరపు కిటికీ దగ్గర రెండడుగుల గాజు తొట్టి ఉంది. అందులో చేపలు లేవు. కొత్తగా వచ్చినవాళ్ళు వంగి చూసి, ఇసుక, నాలుగు రాళ్ళు, కాస్త నాచు తప్ప ఏమీ లేదనుకుని తల తిప్పుకోబోతారు. అప్పుడు ఆ నాలుగు రాళ్ళలో ఒకటి నడుస్తుంది.

అది పొలం నత్త. దుమ్ముగూడెం పక్కన వరిమడి గట్టు నుంచి వచ్చింది. ఆక్వేరియం షాపులో నత్తను అడిగితే గాజుకు పట్టిన పాచి తినడానికి ఇస్తారు. అక్కడ దాని విలువ అంతే. నాకు మాత్రం అది కట్టుబడి పనివాడిలా కనిపిస్తుంది. గుడ్డులో ఉండగానే మొదలుపెట్టిన ఇంటిని బతికినంత కాలం కడుతూనే ఉంటుంది. పాత గదిని కూల్చదు, కొత్తదాన్ని వేరే కొలతతో కట్టదు. పొలంలో అయితే ఆ పని బురదలో, చీకట్లో సాగిపోతుంది. దాన్ని పక్కనుంచీ అడుగునుంచీ చూడనిచ్చేది గాజు తొట్టి. నేను పెంచుతున్నది అందుకే.

దుమ్ముగూడెం నత్తలకు అనువైన చోటు. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమ గట్టున ఉన్న ఊరు. మధ్య భారతం దాకా గోదావరి మీద పడవలు నడవాలని ఆర్థర్ కాటన్ తలపెట్టినప్పుడు, దారికి అడ్డొచ్చిన మూడు రాతి అడ్డంకుల్లో మొదటిది ఇక్కడే. దాన్ని దాటించడానికి 1860ల్లో ఆనకట్ట, దాని పక్కన కాలువ, లాకులు కట్టారు. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు ఆ పనులు నడిపించాడు. 1871లో ప్రభుత్వం ఆ పడవల పథకాన్ని వదిలేసింది. రాతి కట్టుబడి మిగిలింది. చుట్టూ వరిమళ్ళు, కుంటలు, చెరువులు, వాగులు. తొలకరి తరవాత మళ్ళలో నీళ్ళు నిలవగానే, ఎండాకాలమంతా మట్టిలో దాక్కున్న నత్తలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. వాటి వెనకే బుట్టలతో ఆడవాళ్ళు వస్తారు. కోయ ఇళ్ళలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ నత్తల కూర అందరికీ తెలిసిందే.

నా మొదటి నత్తను అలా ఏరుతున్న ఒక ముసలామె బుట్టలోంచే తీసుకున్నాను.

"కూరకా, బిడ్డా?" అంది.

"కాదు పెద్దమ్మా, ఇంట్లో పెంచుకోవడానికి."

ఆమె ఆశ్చర్యపోలేదు. బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నీ అరచేతిలో తూచింది. "తేలికగున్నది వద్దు, లోపల లేనట్టే. మూత ముట్టుకుంటే చటుక్కున గుంజుకోవాలె. అట్లాంటిదే బతుకుతది."

తరవాత పుస్తకాల్లో నత్తను ఎంచుకోవడం గురించి ఎంత చదివినా, ఆమె చెప్పిన రెండు పరీక్షలను మించినవి కనబడలేదు. చచ్చిన నత్త గుల్ల తేలికగా ఉంటుంది, మూత వదులుగా వేలాడుతుంది, ఒక్కసారి వాసన చూస్తే ఇంకే అనుమానమూ ఉండదు.

ఈ పొలం నత్తను డిగ్రీలో జువాలజీ చదివినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. దాని పేరు పైలా. మనదేశపు విద్యార్థులకు నత్త అంటే ఇదే. బైనీ ప్రషాద్ దీని ఒంటి నిర్మాణం మీద రాసిన చిన్న గ్రంథం 1932లో భారతీయ జంతుశాస్త్ర గ్రంథమాలలో వచ్చింది. కోసి చూసి నేర్చుకునే తరాలకు అది ఆధారమైంది. నేను చెప్పబోయేది కోయకుండా కనబడేది.

ముందుగా మూత. నత్తను తడి పింగాణీ పళ్ళెంలో పెట్టి కదలకుండా కూర్చుంటే, కాసేపటికి మూత కాస్త జరిగి, దాని వెనక పాదం, ఆ తరవాత తల బయటికి వస్తాయి. లోపలికి వెళ్ళేప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు. తల ముడుచుకుంటుంది, పాదం మడత పడుతుంది, పాదం వెనక భాగానికి అతికి ఉన్న మూత చివరగా వచ్చి వాకిలికి సరిగ్గా కూర్చుంటుంది. దుమ్ముగూడెం లాకుల దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకు ఈ మూతే గుర్తొస్తుంది. లాకు తలుపుకున్న గొప్పతనం దాని బలం ఒక్కటే కాదు, అంచు అంచుకు ఆనుకుని కూర్చోవడం. నత్త మూతలో అంతకంటే కష్టమైన సంగతి ఒకటుంది. వాకిలి ఏటికేడు పెద్దదవుతుంది కదా, తలుపూ అదే లెక్కన పెరగాలి. చచ్చిన నత్త మూతను వెలుతురుకు పట్టుకుని చూడండి. పక్కకు జరిగిన ఒక చిన్న బిందువు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఒక్కొక్క వలయం ఒకప్పటి వాకిలి కొలత. గుమ్మం ఎంత పెరిగితే తలుపూ అంత పెరిగింది. లోపలి ముఖాన ముత్యపు మెరుపు.

పైలా మూత సున్నపు పెంకు. షాపుల్లో 'మిస్టరీ', 'యాపిల్' పేర్లతో పసుపు, నీలం, దంతపు రంగుల్లో అమ్మే నత్తలు దక్షిణ అమెరికాకు చెందిన పోమేసియా ప్రజాతివి. వాటి మూత గోరులా పలచగా వంగుతుంది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే మనదేదో పరాయిదేదో చేతిలోనే తేలిపోతుంది. ఇది తెలియడం అవసరం కూడా. పోమేసియాలో ఒక జాతిని 1980 ప్రాంతంలో తిండి కోసమని తైవాన్‌కు తెచ్చారు. అది పొలాల్లోకి పాకి ఆసియా వరిరైతులకు పెద్ద చీడగా మారింది. నీటికి పైన గట్టుకో కాడకో గులాబీరంగు గుడ్ల గుత్తి కనబడితే అది దాని పనే. షాపు నత్తను పెంచడంలో తప్పులేదు. విసుగొచ్చిందని కాలువలో వదలడం మాత్రం పొరుగు రైతుకు చేసే ద్రోహం.

మూత వేసుకున్న పైలా ఎండాకాలం మట్టి పొరల్లో నెలల తరబడి అలాగే ఉండగలదు. లోపలి తడి బయటికి పోదు. ఆ తలుపు తీయడం తెలిసిన దొంగ ఒకటుంది, నత్తగుల్ల కొంగ. దాని ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. పై ముక్కుతో గుల్లను నేలకు అదిమిపట్టి, కింది ముక్కు మొనను మూత సందులోకి జొనిపి, నత్తను గుల్లకు కట్టిపెట్టే కండరాన్ని తెంపుతుంది. గుల్ల పగలదు, మాంసం మొత్తంగా బయటికొస్తుంది. వరిమడి గట్టున ఖాళీ గుల్లలు చెక్కుచెదరకుండా కుప్పగా పడి ఉంటే అక్కడ ఆ కొంగ భోంచేసిందన్నమాట. నా దగ్గరున్న మంచి గుల్లలన్నీ అలా ఏరుకున్నవే.

ఇక అసలు పని, గుల్ల. దాన్ని కట్టే చెయ్యి వాకిలి అంచు పొడుగునా ఉండే పలచటి చర్మం. పాఠ్యపుస్తకాల్లో ప్రావారం అంటారు. ఆ చర్మపు అంచు ముందుగా ఒక సన్నటి పొరను బయటికి తోస్తుంది. ఇంటి స్లాబుకు మేస్త్రి ముందు సెంట్రింగ్ కొట్టించినట్టు. సెంట్రింగ్ అయితే పని అయ్యాక ఊడదీస్తారు. నత్త దాన్ని ఊడదీయదు. అదే గుల్ల బయటి పూతగా ఉండిపోతుంది, పైలాకు ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు వచ్చేది చాలావరకు అందులోంచే. ఆ పూత చాటున, చర్మానికీ గుల్లకూ మధ్య ఉండే చుక్క నీటిలో, సున్నం స్ఫటికాలుగా కట్టుకుంటుంది. ఆ సున్నం నీళ్ళలోంచీ తిండిలోంచీ వచ్చింది.

స్ఫటికం అంటే పెళుసు. సుద్దముక్క ఎంత తేలిగ్గా విరుగుతుందో తెలుసు. గుల్లలోని సరుకు రసాయనంగా సుద్దకు చుట్టమే, అమరిక వేరు. దాని పేరు అరగొనైట్. మరి గుల్ల అంత తేలిగ్గా ఎందుకు విరగదు? పేర్చడంలో ఉంది కిటుకు. సన్నటి బద్దల్లాంటి స్ఫటికాలు ఒక వరసలో ఒక వైపు వాలి ఉంటే, పక్క వరసలో దానికి అడ్డంగా వాలి ఉంటాయి. మధ్యమధ్య మాంసకృత్తు పలచగా జిగురులా ఉంటుంది. మన వైపు ఇళ్ళకు అల్లే వెదురు తడికను గుర్తు తెచ్చుకోండి. ఒక్క బద్దను విరవడం పిల్లవాడి పని. నిలువుగా, అడ్డంగా అల్లిన తడికను మధ్యలో చీల్చడం పెద్దవాడికీ కష్టమే. చీలిక ఒక బద్ద వెంట పరుగెత్తి, అడ్డబద్ద తగిలి, దారి మళ్ళి, బలం పోగొట్టుకుంటుంది. గుల్లలోనూ అంతే. కంటికి కనబడనంత సన్నటి తడికను నత్త తన ఇంటి గోడలో అల్లుతోంది.

ఆకారం సంగతి ఇంకా విచిత్రం. నత్త పెరుగుతుంది కాబట్టి ఇల్లూ పెరగాలి. చిన్న గదిని పెద్దది చేయడం కుదరదు, గోడ గట్టిపడిపోయింది. కొత్త గోడ కట్టగలిగింది వాకిలి అంచు దగ్గరే. అక్కడ ప్రతి వరసనూ వెనకటి వరస కంటే కాస్త వెడల్పుగా, కాస్త ఒంపుగా వేస్తుంది, ఆ "కాస్త" ఎప్పుడూ అదే పాళ్ళలో. మిరియపు గింజంత నత్తకూ నిమ్మకాయంత నత్తకూ రూపం ఒకటే ఉండడానికి కారణం ఇదే.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే లేసు పనిలో బాగా అర్థమైంది. దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషన్ నడిచిన రోజుల్లో ఆడవాళ్ళు లేసు అల్లేవారు, ఊరి పేరుతోనే ఆ లేసు ఇంగ్లండుకు వెళ్ళేది. ఇవాళ లేసు అల్లిక చూడాలంటే గోదావరి వెంట కిందికి, సముద్రం దగ్గరి నరసాపురం వెళ్ళాలి. అక్కడ క్రోషే సూదితో గుండ్రటి లేసు అల్లేవాళ్ళు మధ్యలో చిన్న ముడితో మొదలుపెట్టి, చుట్టుచుట్టుకూ కుట్లు పెంచుకుంటూ పోతారు. కుట్లు తక్కువ పెంచితే లేసు గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. పళ్ళెంలా చదునుగా రావాలంటే ప్రతి చుట్టుకూ పెంపకం లెక్క తప్పకూడదు. నత్తదీ అంచు పనే, పెంపకం పనే. లేసు మధ్య ముడి ఎలా మొదటి రోజు ఉన్నట్టే ఉండిపోతుందో, గుల్ల కొన మీద పుట్టిననాటి చుట్టూ అలాగే ఉండిపోతుంది. పెద్ద నత్త కొన మీద పిల్లనత్త ఇల్లు ఇంకా ఉంది.

గణితంలో ఈ చుట్టుకు లాగరిథమిక్ సర్పిలం అని పేరు. స్విట్జర్లండ్‌కు చెందిన యాకోబ్ బెర్నూలీ దీన్ని అద్భుత సర్పిలం అని పిలిచి, తన సమాధి మీద చెక్కించమని కోరాడు. 1705లో ఆయన పోయాక బాసెల్‌లో రాయి చెక్కినవాడు వేరే సర్పిలాన్ని చెక్కాడు. చుట్టుచుట్టుకూ ఎడం పెరగాల్సిన చోట సమానమైన ఎడం పెట్టాడు. ఆ శిల్పి చేతిలో నమూనాగా ఒక్క నత్తగుల్ల పెట్టి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. గుల్లల్లో ఉన్నది ఈ సర్పిలమేనని 1838లో హెన్రీ మోస్లీ కొలిచి చూపించాడు. 1917లో డార్సీ థాంప్సన్ తన 'ఆన్ గ్రోత్ అండ్ ఫామ్' అనే పెద్ద పుస్తకంలో దానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు.

గుల్ల రాసుకున్న డైరీ లాంటిది కూడా. మా తొట్టిలో పెద్ద నత్త గుల్ల మీద నేను మూడు పట్టీలు చూపించగలను. కొన నుంచి చాలా దూరం వరకు ముదురు రంగు, మధ్యలో గీతలు, ఒకచోట పైనుంచి కిందికి గట్టి చార. అది ఎండాకాలం మట్టిలో మూతేసుకుని పడుకున్నప్పుడు పని ఆగిన గుర్తు. ఇదంతా పొలంలో కట్టినది. దాని తరవాత వేలి మందాన పలచటి, పాలిపోయిన పట్టీ. ఆ రోజుల్లోనే కొన మీద తెల్లటి గుంటలు పడ్డాయి. అది నా పొరపాటు. శుభ్రమైన నీళ్ళు మంచివనుకుని ఇరవై లీటర్ల క్యాన్లలో దొరికే శుద్ధిచేసిన నీళ్ళే తొట్టిలో పోశాను. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. మేస్త్రికి ఇసుకా సిమెంటూ లేకుండా గోడ కట్టమన్నట్టయింది. పైగా అలాంటి నీళ్ళు త్వరగా పులుపుదేలి, ఉన్న గుల్లనే కరిగిస్తాయి. మూడో పట్టీ నేను తప్పు దిద్దుకున్న తరవాతది. మందంగా, నున్నగా, పొలంనాటి పట్టీ కంటే లేతరంగులో ఉంటుంది. పాలిపోయిన పట్టీ మాత్రం పోలేదు. నత్త పాత గోడను తిరిగి కట్టదు, లోపలివైపు నుంచి మాత్రం మందం చేసుకోగలదు.

అందుకే నత్తలను పెంచేవాడి పని సరుకు అందించడం అంటాను. నీళ్ళు కాస్త గడుసుగా, అంటే సున్నం ఉన్నవిగా, పీహెచ్ 7కు పైన ఉండాలి. పరీక్షకు సీసాలూ కాగితాలూ ఉన్నాయి, కానీ మొదట ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లటి పెచ్చు కడుతోందంటే మీ బోరు నీళ్ళు నత్తకు పనికొస్తాయి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లో ఒక రోజు తెరిచి ఉంచి పోయాలి. సున్నం చాలకపోతే కోడిగుడ్డు పెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, నలిపి వేయొచ్చు. ఇంకా మంచిది సముద్రపు నురుగు. మూలికల కొట్లో ఆ పేరుతో దొరికే తెల్లటి తేలిక ముక్క నిజానికి కటిల్ చేప లోపలి పెంకు. అదీ అరగొనైటే. రెండు రోజులు తేలి, నీరు పట్టి మునుగుతుంది. నత్తలు దాని మీదెక్కి గీరుకుంటాయి. ఒక గుల్లజీవి వదిలిన సరుకుతో ఇంకొకటి ఇల్లు కట్టుకోవడం చూస్తే నాకు ప్రతిసారీ మనసు నిండుతుంది. సున్నమే కదా అని తాంబూలపు సున్నం మాత్రం తొట్టిలో వేయకండి. నత్తగుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నమైనా సరే, అది నీటిని ఒక్కసారిగా మండే క్షారంగా మార్చి లోపల ఉన్న ప్రాణులన్నిటినీ చంపుతుంది.

రాగి బిందెలో నిలవుంచిన నీళ్ళూ పోయకూడదు. చేపలకు వేసే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, సీసా మీద చదవకుండా వేస్తే తెల్లారేసరికి నత్తలు ఉండవు. అయితే పైలా రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగి ఉన్న పదార్థమే, అందుకే ఆ రక్తానికి లేత నీలి ఛాయ. తన ఒంట్లో కొలతగా అమర్చుకున్న లోహమే నీటిలో విడిగా కలిస్తే దానికి విషం.

రాత్రి దీపం ఆర్పి, చిన్న టార్చి పక్కనుంచి వేస్తే గాజు మీద నత్త తింటున్నది కనిపిస్తుంది. నోరు తెరుచుకుంటుంది, ఎర్రటి చిన్న నాలుకలాంటిది బయటికొచ్చి గాజును ఒక నాకు నాకి లోపలికి పోతుంది. అది నాలుక కాదు, పళ్ళ పట్టీ. పైలాకు ఒక్కో వరసకు ఏడు పళ్ళు, మధ్యలో ఒకటి, రెండు పక్కలా మూడేసి. అలాంటి వరసలు పట్టీ పొడుగునా ఉంటాయి. ముందు వరసలు అరిగిపోతుంటే వెనక కొత్తవి తయారై ముందుకు జరుగుతుంటాయి, ఆకురాయి తనంతట తాను పదునుపెట్టుకున్నట్టు. పొద్దున పాచి పట్టిన గాజు మీద వంకరటింకర గీతల దారి మిగులుతుంది. నత్తనడక అని మనం తక్కువచేసి అంటాం గానీ, ఆ నడకలో అంగుళం అంగుళానికీ పని జరుగుతోంది. దాని వేగాన్ని వదిలిపెట్టిన జాడతో కొలవాలి.

పాచి ఒక్కటే చాలదు. బీరకాయ, దోసకాయ, సొరకాయ ముక్కలు కాస్త ఉడకనిచ్చి, తోటకూర, పాలకూర బాగా కడిగి వేస్తాను. పొలంలో మందు కొట్టిన ఆకు నత్తకు పనికిరాదు. మిగిలినది మర్నాటికి తీసేయాలి. కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. ఆ అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడడానికి నెల పైనే పడుతుంది, అందుకే తొట్టి కొన్నరోజే నత్తను వేయకూడదు. నాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. స్పాంజి ఫిల్టర్ ఒకటి. అందులో పెద్ద పైలాలు రెండే. అందమైన లేత మొక్కలు పెట్టాలని ఆశపడితే అవి నత్తకు భోజనం.

తొట్టిని నిండా నింపకూడదు, పైన నాలుగు వేళ్ళ ఖాళీ కావాలి. పైలాకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. గాలి కావలసినప్పుడు గాజు మీద కాస్త పైకి పాకి, ఎడమ పక్క చర్మాన్ని గొట్టంలా చుట్టి నీటి పైకి చాపుతుంది. తరవాత ఒళ్ళంతా ముందుకీ వెనక్కీ ఊపుతూ గాలి లోపలికి తోడుకుంటుంది. పాత కొలిమి తిత్తి చూసినవాళ్ళు ఆ ఊపు గుర్తుపడతారు. పని అయ్యాక గొట్టం మాయమై మామూలు చర్మంగా మారిపోతుంది. మన జిల్లాలో ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అప్పుడు ఈ గొట్టం మాటిమాటికీ పైకి వస్తుంది. ఆ రోజుల్లో తొట్టిని కిటికీ నుంచి జరిపి తడిగుడ్డ చుడతాను. ఖాళీ వదిలాక మూత పెట్టడం తప్పనిసరి. పైలా రాత్రిపూట గోడెక్కి బయటికి వెళ్ళిపోగలదు. గుడ్లు పెట్టడానికి అది గట్టెక్కుతుంది, తడిమట్టిలో గుంత చేసి తెల్లటి గుడ్లు వందల్లో పెడుతుంది. నీళ్ళు తప్ప మట్టి లేని తొట్టిలో వాటి సంతానం చూడలేం. అది కావాలనుకుంటే ఒక పక్క మట్టిగట్టు అమర్చాలి.

పైలా కాక ఇంకో మూడు రకాలను క్లుప్తంగా చెబుతాను. వీటిని పోల్చుకోవడానికి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1989లో వేసిన ఎన్.వి. సుబ్బారావు గారి మంచినీటి గుల్లజీవుల పుస్తకం నాకు తోడు. చెరువుల్లో దొరికే బెల్లామియా గుడ్లు పెట్టదు, గుల్లతో సహా పిల్లలను కంటుంది. అప్పుడే పుట్టిన పిల్ల మీద కూడా చారలు కనిపిస్తాయి. మగదానికి కుడి మీసం పొట్టిగా, లావుగా ఉంటుంది. మెలనాయిడిస్ పగలంతా ఇసుకలో దూరి దున్నుతుంది. సన్నటి శిఖరంలాంటి గుల్ల, మగతోడు లేకుండానే పిల్లలు. అవన్నీ ఒక్కసారిగా గాజెక్కాయంటే నీళ్ళు చెడ్డాయని అర్థం. ఇండోప్లానార్బిస్ పొట్టేలు కొమ్ములా చదునుగా చుట్టుకుంటుంది, దాని రక్తం మనదిలాగే ఎర్రన.

నాలుగోది మనం పిలవకుండా వచ్చేది. షాపు నుంచి తెచ్చిన మొక్కల ఆకులకు జిగురుముద్దలా గుడ్లు అంటుకుని వస్తాయి. పదిరోజుల తరవాత ఫైసా అనే చిన్నచిన్న నత్తలు గాజంతా పాకుతుంటాయి. (అవి వద్దనుకుంటే మొక్కలను ముందే పటిక నీళ్ళలో నానబెట్టి కడగాలి.) నేను వాటిని ఉండనిస్తాను, ఒక్క కారణంతో. గుల్ల కొన పైకి, వాకిలి మీ వైపు ఉండేలా పట్టుకోండి. పైలా వాకిలి కుడిపక్కన ఉంటుంది. ఫైసా వాకిలి ఎడమపక్కన. ఎక్కువ నత్తలు కుడిచుట్టువి. శంఖాల్లోనూ అంతే, ఎన్నో వేలల్లో ఒకటి తిరగచుట్టుది దొరికితే దాన్నే దక్షిణావర్త శంఖమని పూజలో పెట్టుకుంటాం. ఫైసా వంశంలో అదే మామూలు చుట్టు. దక్కను లావా పొరల మధ్య దొరికే, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటి ఫైసా శిలాజాలు కూడా ఎడమచుట్టువే. చుట్టు ఎటు తిరగాలో ఎవరు నిర్ణయిస్తారు? పిల్ల జన్యువులు కావు, తల్లి జన్యువులని 1923లో జన్యుశాస్త్రజ్ఞుడు స్టర్టెవాంట్ గుర్తించాడు. 2019లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒక చెరువు నత్తలో ఒకే ఒక్క జన్యువును పనిచేయకుండా చేస్తే కుడిచుట్టు వంశంలో ఎడమచుట్టు పిల్లలు పుట్టాయి. గుడ్డులో కణం మొదటిసారి విడిపోయేప్పుడే ఆ మెలిక మొదలవుతుంది. ఇంటికి పునాది తీయకముందే తల్లి వాకిలి దిక్కు పెట్టి పంపుతోంది.

పొలం నత్తలను తెచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. లిమ్నియా, ఇండోప్లానార్బిస్ వంటి చెరువు నత్తల ఒంట్లో పశువుల కార్జపు జలగల పిల్లలు, పశువుల రక్తంలో, ముక్కులో జబ్బు తెచ్చే పురుగుల పిల్లలు పెరుగుతాయి. ఆ పురుగుల పిల్లలున్న నీళ్ళు తగిలితే మనకూ ఒళ్ళు దురద పెట్టవచ్చు. తెచ్చిన నత్తలను కనీసం నెలరోజులు విడి తొట్టిలో ఉంచండి, ఆ నీళ్ళు చెరువులోనో పశువుల కుడితిలోనో పారబోయకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలకు చూపించేప్పుడు ఇది మొదట చెప్పాలి.

ఇంకొకటి, గాజుకు అంటుకున్న నత్తను లాగకూడదు. నత్త తన గుల్ల లోపలి స్తంభానికి కండరంతో కట్టుబడి ఉంటుంది, గుంజితే ఆ కట్టు తెగవచ్చు. కొంగ చేసేది అదే కదా. వేలితో మెల్లగా పక్కకు జరిపితే దానంతట అదే వదులుతుంది.

మొన్న వానలు మొదలైన వారంలో పెద్ద నత్త పని వేగం పెంచింది. తొట్టిలో నీళ్ళకు వాన తెలియదు, కిటికీ పక్కన చల్లబడిన గాలి తెలిసిందో ఏమో. వాకిలి పొడుగునా గోరంత వెడల్పున కొత్త అంచు వచ్చింది. సెంట్రింగ్ పొర ముందుకొచ్చింది, సున్నం ఇంకా సరిగా పడలేదు. ఉల్లిపొర కంటే కొంచెం మందం, అంతే. టార్చి వెనకనుంచి పెడితే తేనెరంగు వెలుగు దాని గుండా దిగుతుంది, ఆ వెలుగులో ప్రావారపు అంచు అటూ ఇటూ జరుగుతూ కనిపిస్తుంది. వేలు తగిలితే ఆ అంచు విరుగుతుంది. విరిగితే మళ్ళీ కడుతుంది గానీ గాటు జీవితాంతం ఉంటుంది. సముద్రపు నురుగు కొత్త ముక్క వేశాను. ఆ అంచు గట్టిపడేదాకా దాన్ని చేత్తో ఎత్తను.